ప్రైవేటు వైద్య కళాశాలల ప్రవేశాలు: చట్టం చెప్పినదేమిటి, సరిహద్దు కుటుంబాలు గమనించవలసినదేమిటి

వైద్య విద్య ప్రస్తావన వచ్చినప్పుడు మన సరిహద్దు పల్లెలలో రెండే మాటలు వినబడుతుంటాయి. ఒకటి ర్యాంకు, రెండవది డొనేషన్. ఈ రెండింటి నడుమ పెద్ద న్యాయవ్యవస్థ ఒకటి ఉన్నదనీ, అది ముప్పై ఏండ్లకు పైగా సుప్రీంకోర్టులో నలిగి నలిగి ఒక రూపానికి వచ్చినదనీ తెలిసినవారు తక్కువ. తెలియని కారణాన పొలం అమ్ముకొన్నవారున్నారు. అర్హత ఉండికూడా సీటు పోగొట్టుకొన్నవారున్నారు. ముళబాగిలు, బాగేపల్లి, పావగడ, హోసూరు, సిరొంచ, పర్లాకిమిడి వంటి చోట్ల తరతరాలుగా స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఈ చిక్కు మరొక మెట్టు ఎక్కువ. బిడ్డకు ఎన్ని మార్కులు వచ్చినవన్నది తరువాతి మాట. ఏ రాష్ట్రపు బిడ్డగా దరఖాస్తు పెట్టాలన్నది మొదటి ప్రశ్న.

డొనేషన్ కథ

ప్రభుత్వ సొమ్ము లేకుండా నడిచిన మొదటి వైద్య కళాశాలగా 1953లో మణిపాల్‌లో డాక్టర్ టి.ఎం.ఎ. పై స్థాపించిన కస్తూర్బా వైద్య కళాశాలను చెప్పుకొంటారు. ప్రభుత్వ కళాశాలలు వేళ్ళమీద లెక్కించదగినన్ని మాత్రమే ఉన్న రోజులవి. ఆ తరువాత మూడు దశాబ్దాలలో, విశేషించి 1980ల నాటికి, కర్ణాటకలో ప్రైవేటు వైద్య కళాశాలలు విస్తరించి, ఉత్తరాది నుండి కూడా విద్యార్థులు రాసాగారు. ప్రవేశ సమయంలో ఫీజుకు అదనంగా తీసుకొనే మొత్తానికి క్యాపిటేషన్ ఫీజు అన్న పేరు స్థిరపడినది. జనం నోట అదే డొనేషన్. దానమన్న మాటకు ఇంతకంటె అన్యాయం జరిగిన సందర్భం మరొకటి ఉండదేమో.

దీనిని నిషేధిస్తూ ఆంధ్రప్రదేశ్ 1983లో, కర్ణాటక 1984లో, మహారాష్ట్ర 1987లో, తమిళనాడు 1992లో చట్టాలు చేసినవి. అంటే మన చుట్టూ ఉన్న రాష్ట్రాలలో డొనేషన్ తీసుకొనడం నిన్న మొన్న నేరమైనది కాదు. కర్ణాటక చట్టం ప్రకారం అది జైలు శిక్షకు తగిన నేరం. శిక్ష పడిన వార్తలు మాత్రం ఎంత వెదకినా అరుదుగానే కనబడతాయి.

చట్టం ఒకవైపు నిషేధిస్తుండగా ప్రభుత్వమే మరొకవైపు తలుపు తెరచిన వైనం మోహినీ జైన్ కేసులో బయటపడినది. 1989 జూన్‌లో కర్ణాటక ప్రభుత్వం ఒక ప్రకటన ద్వారా ప్రైవేటు వైద్య కళాశాలలకు మూడు రకాల ఫీజు నిర్ణయించినది. ప్రభుత్వం కేటాయించిన సీటుకు ఏడాదికి రూ. 2,000, మిగిలిన సీట్లలో చేరే కర్ణాటక విద్యార్థులకు రూ. 25,000, ఇతర రాష్ట్రాలవారికి రూ. 60,000. మీరట్ నుండి వచ్చిన విద్యార్థిని తుమకూరులోని ఒక కళాశాలలో చేరబోగా, మొదటి సంవత్సరానికి అరువదివేలు కట్టి, మిగిలిన సంవత్సరాలకు బ్యాంకు గ్యారంటీ ఇవ్వవలసినదిగా కోరినారు. ఆమె తండ్రి వద్ద అంత సొమ్ము లేదు. ఇది కాక మరి నాలుగున్నర లక్షలు అడిగినారని ఆమె ఆరోపించగా యాజమాన్యం కాదన్నది. 1992 జూలై 30న సుప్రీంకోర్టు తీర్పు చెబుతూ, విద్య పౌరుని హక్కనీ, క్యాపిటేషన్ ఫీజు సమానత్వానికి విరుద్ధమనీ, ఆ ప్రకటన చెల్లదనీ ప్రకటించినది. అయితే ఆ తీర్పు ఇకముందు జరుగబోయే ప్రవేశాలకే వర్తిస్తుందనడంతో, కేసు వేసిన విద్యార్థినికి సీటు దక్కలేదు. పుస్తకాలలో ఆమె పేరు నిలిచినది. డాక్టరు పట్టా మాత్రం ఆ కళాశాల నుండి రాలేదు.

అదే సంవత్సరం ఆంధ్రప్రదేశ్‌లో కూడా ఇదే మంట. యాజమాన్యాలు తమ ఇష్టానుసారం విద్యార్థులను చేర్చుకొనే వీలు కల్పిస్తూ 1983 చట్టానికి చేసిన సవరణను హైకోర్టు కొట్టివేసినది. ప్రైవేటు కళాశాలల మంజూరుపై చెలరేగిన వివాదంలో ముఖ్యమంత్రి నేదురుమల్లి జనార్దనరెడ్డి పదవిని వదలుకొనవలసి వచ్చినది. ఆ వ్యవహారం సుప్రీంకోర్టుకు చేరి, 1993 ఫిబ్రవరి 4న ఉన్నికృష్ణన్ తీర్పుగా వెలువడినది. సగం సీట్లు ప్రభుత్వ ఫీజుకు, సగం సీట్లు అధిక ఫీజుకు. రెండింటికీ ప్రతిభే ప్రాతిపదిక. డొనేషన్ పూర్తిగా నిషిద్ధం. ఫ్రీ సీటు, పేమెంటు సీటు అన్న మాటలు ఆ దశాబ్దంలో మన ఇండ్లలో వాడుకలోకి వచ్చినవి ఈ తీర్పు వలననే.

2002 నుండి 2005 వరకు

ఉన్నికృష్ణన్ పథకం దాదాపు పదేండ్లు నడిచినది. 2002 అక్టోబరు 31న పదకొండుగురు న్యాయమూర్తుల ధర్మాసనం టి.ఎం.ఎ. పై ఫౌండేషన్ కేసులో దానిని తొలగించినది. ఉచిత సీట్లు బాగా చదువు చెప్పించగల పట్టణ కుటుంబాలకు పోతున్నవనీ, వారి చదువు ఖర్చును పేమెంటు సీట్లవారు భరిస్తున్నారనీ కోర్టు గమనించినది. ఇది కాదనలేని మాటే. కోచింగు లేని పల్లెటూరి బిడ్డ ఆనాడు కూడా ఫ్రీ సీటు వరకు చేరడం కష్టం. ప్రైవేటు సంస్థకు తన ఫీజును తాను నిర్ణయించుకొనే స్వేచ్ఛ ఉన్నది, మిగులు కూడా ఉండవచ్చును, కాని లాభాపేక్ష, డొనేషన్ కూడదని తీర్పు సారాంశం.

స్వేచ్ఛ ఎక్కడ ఆగుతుందో తేల్చడానికి మరి రెండు తీర్పులు కావలసివచ్చినవి. 2003 ఆగస్టులో ఇస్లామిక్ అకాడమీ కేసులో, ప్రతి రాష్ట్రంలో విశ్రాంత హైకోర్టు న్యాయమూర్తి అధ్యక్షతన ఫీజులకొక సంఘం, ప్రవేశాల పర్యవేక్షణకొక సంఘం ఏర్పాటు కావలెనన్నారు. 2005 ఆగస్టు 12న ఇనాందార్ కేసులో ఏడుగురు న్యాయమూర్తులు ఆ సంఘాలను నిలిపి, ప్రవేశ విధానం న్యాయంగా, పారదర్శకంగా, దోపిడీకి తావులేనిదిగా ఉండవలెనని మూడు గీటురాళ్ళు పెట్టినారు. ఎన్ఆర్ఐ సీట్లు పదిహేను శాతం మించరాదని హద్దు గీచినదీ ఈ తీర్పే. అయితే, సహాయం పొందని ప్రైవేటు కళాశాలపై ప్రభుత్వం తన కోటాను బలవంతంగా రుద్దరాదని కూడా అన్నారు. ఆ కారణాన ప్రభుత్వమూ యాజమాన్యాలూ కూర్చుండి సీట్లు పంచుకొనే ఒప్పందాలు అనేక రాష్ట్రాలలో ఆనవాయితీ అయినవి. ఒప్పందం ఆలస్యమైన ఏడాది తలిదండ్రులకు నిద్ర ఉండదు.

నీట్ వచ్చిన తరువాత

దేశమంతటికీ ఒకే అర్హత పరీక్ష నీట్ మొదట 2013 మే 5న జరిగినది. ఆ జూలైలోనే సుప్రీంకోర్టు దానిని కొట్టివేసినది. 2016 ఏప్రిల్ 11న ఆ తీర్పును వెనుకకు తీసుకొన్నది. అదే ఏడాది చట్టసవరణ జరిగి నీట్ తప్పనిసరి అయినది. 2017 నుండి ప్రైవేటు కళాశాలల సీట్లకు రాష్ట్ర ప్రభుత్వ అధికార సంస్థలు, డీమ్డ్ విశ్వవిద్యాలయాల సీట్లకు కేంద్రపు వైద్య కౌన్సెలింగ్ కమిటీ కౌన్సెలింగ్ జరుపుతున్నవి. అల్పసంఖ్యాక వర్గాల కళాశాలలకు కూడా నీట్ వర్తిస్తుందని 2020 ఏప్రిల్‌లో వేలూరు క్రిస్టియన్ వైద్య కళాశాల కేసులో తేలిపోయినది. కళాశాల తానే పరీక్ష పెట్టి, తానే దిద్ది, తానే జాబితా వ్రాసుకొనే రోజులు పోయినవి.

అంతమాత్రాన న్యాయం జరిగిపోయినదా? ఇక్కడ ఒక లెక్క చూడవలసి ఉన్నది. 2024 నీట్‌లో సుమారు 13 లక్షల మంది అర్హులుగా తేలినారు; దేశంలోని మొత్తం ఎంబీబీఎస్ సీట్లు లక్షకు కొంచెం పైమాట. ఆ ఏడాది సాధారణ వర్గానికి అర్హత గీత 720కి 162 మార్కులు. గీత దాటిన ప్రతివాడూ ఖరీదైన సీటుకు అర్హుడే. ఐదువందలకు పైగా తెచ్చుకొని కూడా తక్కువ ఫీజు సీటు అందని బిడ్డ, యాజమాన్యపు సీటుకు సొమ్ములేక తప్పుకొంటే, ఆ వరుస జరిగి జరిగి నూటడెబ్బై మార్కుల ధనవంతుని వద్ద ఆగుతుంది. జాబితా ప్రకారమే సీటు ఇచ్చినారు, ఎవరూ తప్పు చేయలేదు. పారదర్శకత వేరు, న్యాయం వేరు అనడానికి ఇంతకంటె మంచి ఉదాహరణ లేదు.

ఏ గడ్డ బిడ్డ?

ఇక మన అసలు విషయానికి వద్దాము. సరిహద్దు కుటుంబాలలో చాలామంది బిడ్డను పదవ తరగతి వరకు ఉన్న ఊరిలో చదివించి, ఇంటర్మీడియట్‌కు తిరుపతికో, హైదరాబాదుకో, విజయవాడకో హాస్టలుకు పంపుతారు. కోచింగు బాగుంటుందన్న ఆశ, తెలుగు వాతావరణమన్న మమకారం. ఆ రెండేండ్ల నిర్ణయం స్థానికత మీద ఏ దెబ్బ కొడుతుందో అప్పుడు ఎవరూ చెప్పరు.

తెలంగాణలో అర్హత పరీక్షకు ముందు వరుసగా నాలుగేండ్లు ఆ రాష్ట్రంలో చదివి ఉండాలన్న 2024 నాటి నిబంధనను సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరులో సమర్థించినది. ఆంధ్రప్రదేశ్‌లో కూడా రాష్ట్రపతి ఉత్తర్వులను అనుసరించి నాలుగేండ్ల చదువే స్థానికతకు ప్రధానమైన కొలబద్ద. కాబట్టి ఇంటర్మీడియట్ రెండేండ్లు మాత్రమే అక్కడ చదివిన కోలారు బిడ్డ, తెలుగువాడైనంత మాత్రాన స్థానికుడు కాడు. మాతృభాషకూ స్థానికతకూ ఈ నిబంధనలలో సంబంధమే లేదు.

కర్ణాటకలో లెక్క వేరు. మొత్తం మీద ఏడు విద్యాసంవత్సరాలు ఆ రాష్ట్రంలో చదివి, పదవ తరగతి గాని, రెండవ పీయూసీ గాని అక్కడ ఉత్తీర్ణులైనవారికి ప్రభుత్వ కోటా అర్హత ఉన్నది. అంటే బళ్ళారి, రాయచూరు, కోలారు ప్రాంతాల బిడ్డ పదవ తరగతి దాకా అక్కడే చదివి ఇంటర్‌కు ఆంధ్రకు వచ్చినా కర్ణాటక సీటు పోదు. మహారాష్ట్రలో అట్లా కాదు. అక్కడ రాష్ట్ర కోటాకు నివాస ధ్రువపత్రంతో పాటు పదవ తరగతి, పన్నెండవ తరగతి రెండూ మహారాష్ట్రలో ఉత్తీర్ణులై ఉండవలెనన్నది సామాన్య నియమం. గోదావరి దాటి ఇంటర్‌కు తెలంగాణకు వచ్చిన సిరొంచ బిడ్డకు అక్కడ పన్నెండవ తరగతి లేదు, ఇక్కడ నాలుగేండ్లు లేవు. రెంటికీ చెడిన రేవడి అన్న సామెత ఈ బిడ్డ కోసమే పుట్టినట్లున్నది.

తమిళనాడులో ఆరు నుండి పన్నెండు వరకు అక్కడే చదివినవారికి సులభం. మధ్యలో బయట చదివినవారు తాము తమిళనాడు వాస్తవ్యులమని తలిదండ్రుల పత్రాలతో సహా రుజువు చేసుకొనవలె. హోసూరు, తిరుత్తణి వైపు తెలుగు కుటుంబాలు ఈ పత్రాలను బిడ్డ తొమ్మిదవ తరగతిలో ఉన్నప్పుడే సిద్ధం చేసుకొనడం మేలు. ప్రభుత్వ పాఠశాలలో చదివిన బిడ్డకు అక్కడ 2020 నుండి 7.5 శాతం ప్రత్యేక కేటాయింపు ఉన్నది. ప్రైవేటు కళాశాలల ప్రభుత్వ కోటాకు కూడా అది వర్తిస్తుంది. పల్లెటూరి సర్కారు బడిని చిన్నచూపు చూడనక్కరలేదని దీనిని బట్టి గ్రహించవచ్చును. యానాం బిడ్డలు పుదుచ్చేరి ప్రభుత్వపు సెంటాక్ ద్వారా, ప్రాంతీయ కేటాయింపుతో పోటీ పడతారు. కాకినాడ ఎంత దగ్గర ఉన్నా ఆ కళాశాలల విషయంలో యానాం పరాయి ప్రాంతమే.

కుప్పం వైద్య కళాశాల మూడు రాష్ట్రాల కూడలిలో ఉన్నది. రోగులు మూడు రాష్ట్రాల నుండి వస్తారు. సీట్లు మాత్రం ఆంధ్రప్రదేశ్ కౌన్సెలింగ్‌వి. కోలారు పక్కన తమకలోని కళాశాల డీమ్డ్ విశ్వవిద్యాలయంలో భాగం గనుక దాని సీట్లకు కేంద్ర కౌన్సెలింగ్‌ను చూసుకొనవలె. ఇంటి నుండి కళాశాల ఎన్ని మైళ్ళన్నది కాక, అది ఎవరి కౌన్సెలింగ్ కిందిది అన్నది ముందు తెలుసుకొనడం అవసరం.

భాషా అల్పసంఖ్యాకుల ప్రశ్న ఒకటి మిగిలినది. భాషాప్రయుక్త రాష్ట్రాలు ఏర్పడినవి గనుక, భాషాపరంగా ఎవరు అల్పసంఖ్యాకులన్నది దేశం మొత్తాన్ని కాక ఆ రాష్ట్రాన్ని బట్టి నిర్ణయించవలెనని 2002 నాటి పదకొండుగురు న్యాయమూర్తుల తీర్పు చెప్పినది. ఆ ప్రకారం కర్ణాటకలో, తమిళనాడులో, ఒడిశాలో, మహారాష్ట్రలో తెలుగువారు రాజ్యాంగం ముప్పదవ అధికరణం కింద విద్యాసంస్థలు స్థాపించుకొని నడుపుకొనే హక్కుగల వర్గమే. తమిళనాడులో సాధారణ ప్రైవేటు కళాశాల నుండి ప్రభుత్వానికి 65 శాతం సీట్లు వస్తే, అల్పసంఖ్యాక సంస్థ నుండి 50 శాతమే వస్తాయి. ఈ తేడాలో ఎంత సొమ్మున్నదో పాఠకులకు వేరుగా చెప్పనక్కరలేదు. అల్పసంఖ్యాక హోదా తెలుగు బిడ్డల కోసం వాడబడుతున్నదా, ప్రభుత్వ కోటా తగ్గించుకొనడానికి వాడబడుతున్నదా అని అడిగే హక్కు మన సంఘాలకు ఉన్నది. అడిగినవారు మాత్రం తక్కువ. బిడ్డకు ఆ కోటా కావలెనంటే పాఠశాల రికార్డులో మాతృభాష తెలుగు అని ఉండాలి. ఒకటవ తరగతిలో చేర్పించేటప్పుడు గుమాస్తా అడిగితే తొందరలో రాష్ట్రభాష పేరు వ్రాయించి, పన్నెండేండ్ల తరువాత తాలూకా కచేరీ చుట్టూ తిరిగేవారిని ప్రతి ఏటా చూస్తున్నాము.

పక్కనే ఉన్న మరొక సంగతి. మహారాష్ట్రలోని కొన్ని తాలూకాలలో, కేరళలోని కాసరగోడు ప్రాంతంలో ఉన్న కన్నడిగుల బిడ్డలకు కర్ణాటక తన ప్రవేశ నియమాలలో గడినాడు కన్నడిగులన్న పేరుతో ప్రత్యేక అర్హత కల్పించినది. సరిహద్దు అవతలి తెలుగు బిడ్డల కోసం తెలుగు రాష్ట్రాల నియమాలలో అటువంటి వాక్యం ఉన్నట్లయితే ఈ వ్యాసంలో సగం అవసరమయ్యేది కాదు.

సీటు ఎట్లా అమ్ముడుపోతుంది

ర్యాంకు జాబితా కళ్ళెదుట ఉండగా సీటు అమ్మడం సాధ్యమా అన్న సందేహం కలుగవచ్చును. 2021 ఫిబ్రవరిలో ఆదాయపు పన్ను శాఖ కర్ణాటకలో వైద్య కళాశాలలు నడుపుతున్న తొమ్మిది ట్రస్టులపై సోదాలు జరిపి, రూ. 400 కోట్లకు పైగా లెక్కకు రాని క్యాపిటేషన్ సొమ్ము ఆధారాలు దొరికినట్లు ప్రకటించినది. పద్ధతిని కూడ ఆ ప్రకటనే వివరించినది. మంచి ర్యాంకు వచ్చిన, వేరే చోట సీటు ఉన్న విద్యార్థి చేత దళారులు కౌన్సెలింగ్‌లో సీటు తీసుకొనిపిస్తారు. అతడు చేరే ఉద్దేశం లేనివాడు. చివరి విడతలలో తప్పుకొంటాడు. ఖాళీ అయిన సీటును కళాశాల మిగులు సీటుగా చూపి, తక్కువ ర్యాంకువానికి డొనేషన్‌తో ఇస్తుంది. జాబితాలో అతడి పేరు ఉన్నది, అర్హత ఉన్నది, రసీదు కూడా ఉన్నది. రసీదులో లేని సొమ్ము మాత్రమే కనబడదు.

దీనిని అరికట్టుటకు కౌన్సెలింగ్ విడతలు మారినవి. మొదటి విడతలో సీటు వదలుకొనడం సులభం; తరువాతి విడతలలో వదలుకొంటే ధరావతు పోతుంది; చివరి విడతలలో చేరకపోతే ఆపైన నిషేధం కూడ ఎదురుకావచ్చును. డీమ్డ్ విశ్వవిద్యాలయాలకు కేంద్ర కౌన్సెలింగ్‌లో రెండు లక్షల ధరావతు కట్టించుకొనే పద్ధతి వచ్చినది. దీని వలన దళారులు ఎంత భయపడినారో గాని, నిబంధన తెలియక సరదాగా ఐచ్ఛికం పెట్టి సొమ్ము పోగొట్టుకొన్న సామాన్యులు ఉన్నారు. 2025 మే నెలలో పీజీ సీట్ల కేసులో సుప్రీంకోర్టు, సీట్ల దిగ్బంధం అడ్డుకొనేందుకు కౌన్సెలింగ్‌కు ముందే కళాశాలలు ఫీజు వివరాలన్నీ ప్రకటించవలెననీ, అఖిల భారత, రాష్ట్ర కౌన్సెలింగ్‌ల తేదీలు పొసగవలెననీ, ఆధార్ ద్వారా సీట్లను గమనించవలెననీ ఆదేశించినది.

ఎన్ఆర్ఐ కోటా మరొక దారి. విదేశాలలోని మేనత్తలు, మేనమామల వరుసలు కలిపి ఆ కోటాను విస్తరించిన పంజాబ్ ప్రభుత్వ ప్రకటనను 2024 సెప్టెంబరులో సుప్రీంకోర్టు మోసమని నిందించి తిరస్కరించినది.

ఫీజు సంగతి

ఫీజును ప్రభుత్వమే ఇష్టం వచ్చినట్లు పెంచకూడదని ఆంధ్రప్రదేశ్ కేసు ఒకటి స్పష్టం చేసినది. 2017 సెప్టెంబరులో ప్రభుత్వం ఎంబీబీఎస్ ట్యూషన్ ఫీజును ఏడాదికి రూ. 24 లక్షలకు, అంటే పూర్వపు ఫీజుకు ఏడు రెట్లకు పెంచినది. హైకోర్టు ఆ జీవోను కొట్టివేయగా, 2022 నవంబరు 7న సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయపరచి, విద్య లాభార్జనకు వ్యాపారం కాదన్నది. అప్పీలు చేసిన కళాశాలకూ రాష్ట్రానికీ కలిపి ఐదు లక్షల ఖర్చులు వేసినది. అధికంగా వసూలు చేసినది విద్యార్థులకు తిరిగి చెందవలసినదే.

అదే ఏడాది మే నెలలో, కర్ణాటకకు సంబంధించిన మరొక కేసులో, వైద్య కళాశాలలు నగదుగా ఫీజు తీసుకొనరాదనీ, డొనేషన్ అడిగినవారిపై ఫిర్యాదుకు వెబ్ పోర్టల్ ఉండవలెననీ, దానిని గురించి ప్రవేశాల వేళ ఆంగ్ల, ప్రాంతీయ భాషల పత్రికలలో ప్రకటించవలెననీ సుప్రీంకోర్టు ఆదేశించినది. ప్రైవేటు కళాశాలల్లో సగం సీట్లకు ఆ రాష్ట్ర ప్రభుత్వ కళాశాల ఫీజే ఉండవలెనని 2022 ఫిబ్రవరిలో జాతీయ వైద్య కమిషన్ జారీ చేసిన మార్గదర్శకం ఒకటి ఉన్నది. దాని అమలు రాష్ట్రానికొక తీరు.

ఫోనులో దళారి మాటలు ఇంచుమించు ఒకే పాఠం. సీటు ఖాయం చేసి ఉంచినాము, సగం నగదు, మిగిలినది చేరిన తరువాత, ఈ సాయంత్రం లోపల చెప్పకపోతే మరొకరికి పోతుంది. ఆ మాట వినగానే అడుగవలసిన ప్రశ్న ఒకటే: ఈ సీటు ఏ కౌన్సెలింగ్‌లో, ఏ విడతలో, ఏ వర్గం కింద వస్తుంది? సమాధానం రాదు. వచ్చిన పక్షంలో ఆ రాష్ట్రపు ఫీజు సంఘం ఉత్తర్వు తెరచి, ఆ కళాశాల పేరు ఎదుట ఎంత మొత్తమున్నదో సరిచూసుకొనవలె. ట్యూషన్ ఫీజుతో పాటు హాస్టలు, గ్రంథాలయం, ఇతర రుసుములని వేరుగా అడిగినప్పుడు ఏ పద్దుకు ఎంతో వ్రాతపూర్వకంగా కోరవలె. అసలు ధ్రువపత్రాలు ఇచ్చినప్పుడు వాటి జాబితాపై సంతకం, ముద్ర తీసుకొనవలె. కౌన్సెలింగ్ నియమాలు ప్రతి ఏటా కొంత మారుతుంటాయి గనుక, నిరుడు పక్కింటివారు చేసినట్లు చేయడం కంటె ఈ ఏటి సమాచార పుస్తకాన్ని, అందులో అర్హత వర్గాల పుటను, తొమ్మిదవ తరగతి బిడ్డ ఇంట ఉన్నప్పుడే ఒకసారి చదివి పెట్టుకొనవలెను. ఇంటర్మీడియట్‌కు ఏ గట్టున చేర్పించాలో ఆ పుటను బట్టి తేల్చుకొనవచ్చును.